గ్రీస్ తీరంలో చేపల భోజనం: కుర్చీ కన్నా ముందు తక్కెడ

గ్రీస్‌లో నీళ్ళ పక్కన బల్లలు వేసి చేపలు వండిపెట్టే హోటల్‌ని ప్సరోటవేర్నా అంటారు. ‘ప్సరి’ అంటే చేప. కొత్తగా వెళ్ళినవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటే. అలలు కాళ్ళకు తగిలేంత దగ్గర కుర్చీ చూసుకుని కూర్చుంటారు, మెనూ తెప్పించుకుంటారు, ఏదో ఒక చేప పేరు మీద వేలు పెట్టి చూపిస్తారు. బిల్లు వచ్చాక గుండె గుభేలుమంటుంది. మెనూలో ఆ పేరుకి ఎదురుగా ఉన్న 65 యూరోలు ప్లేటు ధర కాదు, కిలో ధర. వంటవాడు తెచ్చిన చేప కిలో రెండొందల గ్రాములుంటే ఒక్క చేపకే 78 యూరోలు. ఇందులో మోసం లేదు, అక్కడి పద్ధతే అది. ఆ పద్ధతి తెలిసినవాళ్ళకి ఇంత మంచి చేపల భోజనం దొరికే చోట్లు లోకంలో చాలా తక్కువ.

కాబట్టి కూర్చునే ముందు లోపలికి వెళ్ళాలి. వంటింటి దగ్గర ఐసు పరిచిన అద్దాల పెట్టె ఉంటుంది, కొన్నిచోట్ల పెద్ద సొరుగులుంటాయి. చేపలు చూస్తామని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అడగనివాళ్ళనే వింతగా చూస్తారు. చేపని వేలితో చూపించి ‘పోసో కానీ తో కిలో?’ అనండి. కిలో ఎంత అని. ధర నచ్చితే మీ ఎదురుగా తూకం వేయించి, తక్కెడ మీద అంకె చూసి, మొత్తం ఎంతవుతుందో అక్కడే నోటితో చెప్పించుకోవాలి. తూకం ఎప్పుడూ పొట్ట చీల్చకముందే. శుభ్రం చేసి వండాక తల, ముల్లు పోగా తినడానికి మిగిలేది దాదాపు సగం. ఈ లెక్కన మనిషికి 400 నుంచి 500 గ్రాముల పచ్చి చేప చాలు. ముందు చిన్న ప్లేట్లు నాలుగైదు తెప్పించుకునే ఉద్దేశముంటే 350 గ్రాములైనా సరిపోతుంది. ఇద్దరికి ‘ఇది బాగుంటుంది’ అంటూ కిలోన్నర చేప చూపించే సర్వర్లుంటారు. మొహమాటపడకుండా చిన్నది చూపించమనాలి.

తాజా చేపని గుర్తుపట్టడం మన మార్కెట్లో పెరిగినవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు. కన్ను ఉబ్బి నీళ్ళలా మెరవాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. అక్కడ కొత్తగా నేర్చుకోవలసింది, సముద్రంలో పట్టిన చేపకీ పెంపకపు చేపకీ తేడా. గ్రీస్ మెనూల్లో ఎక్కడ చూసినా కనిపించే త్సిపూర, లవ్రాకి రెండూ ఎక్కువగా సముద్రంలో వలల పంజరాల్లో పెంచినవే. పెట్టెలో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు 400 గ్రాముల దగ్గర ఉంటే పెంపకమని అనుకోవచ్చు. తోక అంచులు అరిగి ఉంటాయి, పొట్టలో కొవ్వు ఎక్కువ. సముద్రపు త్సిపూరకి రెండు కళ్ళ మధ్య బంగారు పట్టీ స్పష్టంగా మెరుస్తుంది, ఒళ్ళు సన్నంగా ఉంటుంది. పెంపకపు చేప చెడ్డదేమీ కాదు. 14 నుంచి 20 యూరోలకి ఒక మనిషికి నిండుగా సరిపోయే కాల్చిన చేప వస్తుంది, పిల్లలకి ముళ్ళు తీసి పెట్టడమూ తేలిక. దాన్ని సముద్రపు చేప ధరకి అమ్మితేనే పేచీ. సర్గోస్, ఫగ్రి, సినగ్రీద లాంటి సముద్రపు చేపలు కిలో 55 నుంచి 90 యూరోల దాకా ఉంటాయి, లాబ్‌స్టర్ ఆపైన. ఇంకో మాట. లవ్రాకిని ఇంగ్లీషు మెనూలో సీ బాస్ అని రాస్తారు. అది మన పండుగప్ప కాదు, వేరే జాతి. రుచి మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. పండుగప్ప కండ కోసం చూసేవాళ్ళు ఫగ్రి వైపు వెళ్ళడం మంచిది.

ఏ రోజు ఏం తినాలో నిర్ణయించేది చంద్రుడు, గాలి, క్యాలెండరు. నెత్తళ్ళలాంటి గావ్రోస్‌నీ, కవళ్ళలాంటి సర్దెలెస్‌నీ గ్రి-గ్రి అనే పడవలు రాత్రిపూట దీపాలు వెలిగించి, వెలుతురుకి చేరిన గుంపుని చుట్టువలతో పడతాయి. పున్నమి వెలుగులో దీపానికి చేపలు రావు. అందుకే పున్నమికి అటూ ఇటూ కొన్ని రోజులు ఆ పడవలు కదలవు, ఆ రోజుల్లో చిన్నచేపల వేపుడు అంత తాజాగా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా పెద్ద ట్రాలర్లకి నిషేధం. మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కదా, అలాంటిదే. సందర్శకులు అందరూ వెళ్ళేది సరిగ్గా ఆ నెలల్లోనే. చిన్న పడవలు మాత్రం వలలతో, వరస గాలాలతో ఆ నెలల్లోనూ వేటాడుతూనే ఉంటాయి. వరస గాలాన్ని ‘పరగాది’ అంటారు. గాలానికి పడిన చేప వలలో నలగదు కాబట్టి ధర కాస్త ఎక్కువ, దానికి తగ్గట్టే కండ గట్టిగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి కొడుతుంది. గాలి గట్టిగా ఉన్న మూడో రోజు కూడా పెట్టె నిండా ‘ఈ రోజు పట్టిన’ చేపలు కనిపిస్తే ఎక్కడివని అడగాల్సిందే. ఏథెన్స్ నడిబొడ్డున ఉన్న వర్వాకియోస్ చేపల మార్కెట్ ఆదివారం మూసి ఉంటుంది. అందువల్ల నగరంలో సోమవారం మధ్యాహ్నం చేపల భోజనానికి మంచి సమయం కాదు.

ఫ్రీజర్ సరుకు సంగతి కూడా తెలియాలి. గడ్డకట్టించిన సరుకు వాడితే ఆ సంగతి మెనూలో చెప్పాలి. సాధారణంగా పేరు పక్కన నక్షత్రం గుర్తో, ‘కట్.’ అనే పొట్టి మాటో ఉంటుంది, దాని అర్థం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో. రొయ్యలు, స్క్విడ్, ఆక్టోపస్ ఈ గుర్తుతో ఎక్కువగా కనిపిస్తాయి. వేయించిన కలమారి, అంటే స్క్విడ్, అన్నీ ఒకే కొలతలో గుండ్రటి రింగులుగా వస్తే ఫ్రీజర్‌దే. తాజాదైతే తోకరెక్కలు, కాళ్ళతో సహా మొత్తంగా వస్తుంది, ధర దాదాపు రెట్టింపు. ఆక్టోపస్‌కి మాత్రం ఫ్రీజర్ పెద్ద దోషం కాదు. గడ్డకట్టినప్పుడు కండ నారలు తెగి మెత్తబడుతుంది. పూర్వం జాలర్లు బండ మీద బాది చేసే పనే అది. తీగ మీద ఆరేసిన ఆక్టోపస్‌లు ఫొటోలకి బాగుంటాయి. వంటవాడు వాటిలోంచే ఒక కాలు కోసి పొయ్యి మీద వేస్తున్నాడా, లేక అవి పొద్దుటి నుంచి అలాగే వేలాడుతున్నాయా అని ఐదు నిమిషాలు గమనిస్తే తెలిసిపోతుంది. ఎండలో నీరు ఇగిరిన కాలుని బొగ్గుల మీద కాలిస్తే బయట కరకర, లోపల జిగురు లేని మెత్తదనం. ఆరనిదాన్ని కాలిస్తే తన నీళ్ళలో తానే ఉడికి రబ్బరవుతుంది.

చేప ఎన్నుకున్నాక ఎలా వండాలో మీరే చెప్పాలి. అరకిలో నుంచి కిలో దాకా అయితే చీల్చకుండా మొత్తంగా బొగ్గుల మీద కాల్చడమే సరైన దారి. 600 గ్రాముల చేపకి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. కిలో దాటితే వీపు నుంచి చీల్చి పుస్తకంలా తెరిచి కాల్చమనండి, లేకపోతే తోక ఎండిపోయే వేళకి మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంటుంది. మన నాలుకకి మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. ఉప్పు, నిమ్మకాయ, ఆలివ్ నూనె, కాస్త ఒరెగానో, అంతే. నూనె రెండు పాళ్ళు, నిమ్మరసం ఒక పాలు కలిపి చిక్కగా చిలికిన లదోలెమొనో పక్కన గిన్నెలో వస్తుంది. దాన్ని చేప మీద పోసి రెండు నిమిషాలు ఆగి తినాలి, వేడికి నిమ్మ వాసన లేచి కండలోకి దిగుతుంది. కారం కావాలంటే ‘బూకొవో’ అని అడిగితే ఎండుమిరప పలుకులు తెచ్చిపెడతారు. వాటిని వేయించిన నెత్తళ్ళ మీద చల్లుకోండి. కాల్చిన సర్గోస్ మీద మాత్రం వద్దు, 50 యూరోలు పెట్టి కొన్న రుచిని కప్పేసుకోవడమే అవుతుంది. అన్నం దొరకదనుకోవచ్చు. రొయ్యలతో వండే క్రిథరోతో అడగండి. బియ్యపు గింజ ఆకారంలో ఉండే పాస్తా అది, కలిపిన అన్నం తిన్న తృప్తి ఇస్తుంది.

మన కుటుంబాల్లో ఒకరో ఇద్దరో శాకాహారులు ఉంటారు. వాళ్ళు ఆకలితో లేవనక్కర్లేదు. శాంతొరీని ఫావా ఉందంటే సగం సమస్య తీరినట్టే. పసుపుపచ్చటి పప్పుని మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. తాలింపు లేని ముద్దపప్పే. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూరలు. ఒకటి రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. లేత గులాబీ రంగులోనో తెల్లగానో ఉండే తరమసలాత పెరుగు పచ్చడిలా కనిపిస్తుంది కానీ అది చేపగుడ్లతో చేసింది. గుమ్మడి జాతి కూరగాయ ముక్కల్ని చేపలు వేయించిన నూనెలోనే వేయించే చోట్లుంటాయి, అడిగి తెలుసుకోవాలి. ముఖ్యమైనది ‘నిస్తీసిమో’ అనే మాట. ఉపవాసపు భోజనం అని అర్థం, అందులో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ రొయ్యలకీ ఆక్టోపస్‌కీ స్క్విడ్‌కీ రక్తం లేదని లెక్క, కాబట్టి ఉపవాసంలో అవి చెల్లుతాయి. నిస్తీసిమో అని తెచ్చిన ప్లేటులో రొయ్యలు కనిపిస్తే తప్పు వాళ్ళది కాదు. ‘హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సరి, హోరిస్ థలసినా’ అని మూడూ విడివిడిగా చెప్పాలి: మాంసం వద్దు, చేప వద్దు, రొయ్యలు, పీతల్లాంటివీ వద్దు.

ఇక చోట్ల విషయానికి వస్తే, ఏథెన్స్‌లో ఒక్క పూటే చేతిలో ఉన్నవాళ్ళకి పిరేయస్ దగ్గరి మిక్రోలిమానో. మొనస్తిరాకిలో మెట్రో మొదటి లైన్ ఎక్కి ఫాలిరో స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిస్తే అర్ధచంద్రాకారంలో చిన్న రేవు, చుట్టూ పడవలు, వరసగా హోటళ్ళు. చేరడం సులువు, సర్వీసు నాగరికంగా ఉంటుంది, ధరలు మాత్రం నగరపు ధరలు. గుమ్మం ముందు నిలబడి పిలిచేవాళ్ళని దాటుకుని రేవు మొత్తం ఒకసారి నడిచి చూసి, మధ్యాహ్నం రెండున్నరకి గ్రీకు కుటుంబాలు ఏ బల్లల దగ్గర ఉన్నాయో చూసి కూర్చోవడమే మంచి పద్ధతి.

ఒక రోజంతా ఉంటే ఎయీనా ద్వీపమే మా మొదటి ఓటు. పిరేయస్ రేవులో ఎనిమిదో గేటు నుంచి వేగపు పడవలో 40 నిమిషాలు, మామూలు ఫెర్రీలో గంటా పావు. ఎయీనా ఊళ్ళో రేవు రోడ్డుకి ఒక వీధి లోపల చేపల సందు ఉంది. ఒకవైపు చేపలు అమ్మే బల్లలు, వాటి సందుల్లోనే నాలుగైదు బల్లల టవేర్నాలు. సముద్రం కనిపించదు, పక్కన ఐసు నీళ్ళు కారుతుంటాయి, కుర్చీ ఒకవైపు ఒరుగుతుంది. అయినా ఆక్టోపస్ ఇక్కడే తినాలి. పొయ్యి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పొగ, నిమ్మ, సోంపు వాసన కలిపి ముక్కుకి తగులుతుంటే కాలు ముక్కలు కోసి కాగితం పరిచిన బల్ల మీద పెడతారు. నీళ్ళ ఒడ్డే కావాలంటే 9 కి.మీ. దూరంలో పెర్దికా అనే జాలర్ల పల్లె, బస్సు ఉంది. పెర్దికాలో బల్లలు గట్టు మీద, ఎదురుగా మోనీ దీవి, ధర మిక్రోలిమానో కన్నా తక్కువ. రాత్రి భోజనం చేయాలంటే ద్వీపంలోనే బస చేయాలి, వేగపు పడవలు సాయంత్రానికే ఆగిపోతాయి. తిరుగు టికెట్ టైము చూసుకోకుండా తొమ్మిదింటికి చేప కాల్చమని చెప్పేవాళ్ళు ఇబ్బందుల్లో పడతారు.

పారోస్ ద్వీపంలో నఊసా రేవు అందానికి మొదటిది. పాత వెనీషియన్ కోట గోడ శిథిలం, రంగురంగుల పడవలు, వలల కుప్పల పక్కనే బల్లలు. గూనా అనే వంటకం ఇక్కడి ప్రత్యేకత. కానాగంతకి చుట్టమైన చేపని చీల్చి, ఉప్పు, ఒరెగానో పట్టించి, ఒక రోజు ఎండలో ఆరబెట్టి బొగ్గుల మీద కాలుస్తారు. మన ఎండుచేపలా పూర్తిగా ఎండదు. పైన ఎండుచేప ఘాటు, లోపల పచ్చిచేప రసం. తెలుగువాళ్ళు మొదటి ముద్దకే గుర్తుపట్టే రుచి. జూలై, ఆగస్టుల్లో రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఇక్కడ బల్ల దొరకదు. మన అలవాటు ప్రకారం ఏడింటికి వెళితే ముందు వరస ఖాళీగా ఉంటుంది, వంటవాడికీ తీరిక ఉంటుంది. రేవు పక్క గదులు తీసుకుంటే అర్ధరాత్రి దాటాక కూడా మోత. పిపేరీ బీచ్ వైపు పది నిమిషాల నడక దూరంలో గది చూసుకోవడం నయం.

శాంతొరీని ద్వీపంలో ఓయా ఊరి కింద ఉన్న అమ్ముదీ రేవు గురించి నిజం చెప్పాలి. ఎర్రటి కొండ అడుగున, నీళ్ళకి అడుగు దూరంలో బల్లలు, ఎదురుగా సూర్యాస్తమయం. చోటు అబ్బురమే. ధర మాత్రం ఇక్కడ చెప్పిన అన్నిటిలోకీ ఎక్కువ, సూర్యాస్తమయపు బల్లలకి రోజుల ముందే బుక్ చేసుకోవాలి. ఓయా నుంచి దిగడానికి రెండొందలకు పైగా మెట్లు. గాడిదలు నడిచే దారి కావడంతో నున్నగా అరిగి, పేడతో జారుతుంటాయి. పెద్దవాళ్ళని మెట్ల మీద తీసుకెళ్ళొద్దు. కిందికి కారు రోడ్డు ఉంది, తిరుగు టాక్సీని హోటల్‌తోనే ముందుగా చెప్పించుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి వెళితే అదే చేప, అదే నీళ్ళు, రద్దీ సగం. బసకి ఓయా ఖరీదు భరించలేనివాళ్ళు ద్వీపపు ముఖ్య పట్టణమైన ఫిరాలో ఉండి బస్సులో రావచ్చు. గది అద్దెకి అదనంగా రాత్రికి గదికింత అని పర్యావరణ రుసుము హోటల్ దగ్గరే కట్టించుకుంటారు. 2025 వేసవిలో మూడు నక్షత్రాల హోటల్‌కి 5, నాలుగుకి 10, ఐదుకి 15 యూరోలు.

క్రీట్ ద్వీపంలో హన్యా ఊరి పాత రేవు ముఖద్వారంలో ఫొటోల మెనూలు పట్టుకుని పిలిచే హోటళ్ళు కాఫీకి చాలు. భోజనానికి తూర్పుగా 2 కి.మీ. నడిచి, పాత తోళ్ళ కార్ఖానాల పేట అయిన తంబకారియాకి వెళ్ళండి.

నలుగురికి ఒక మంచి భోజనం ఎంతవుతుందో ఉజ్జాయింపుగా: బ్రెడ్డుకీ బల్లకీ కలిపి వేసే ‘కవరు’ ఖర్చు కింద మనిషికి ఒకటిన్నర చొప్పున 6, ఫావా 8, హోర్తా 7, సలాడ్ 11, నెత్తళ్ళ వేపుడు 12, ఆక్టోపస్ 18, కిలో 60 చొప్పున కిలో నాలుగొందల గ్రాముల చేప 84, అరకిలో వైన్ 8, నీళ్ళు 3. మొత్తం 157 యూరోలు. అవును, సీసాలో కాకుండా విడిగా అమ్మే వైన్‌ని అక్కడ కిలోల్లోనే అడుగుతారు. సముద్రపు చేప బదులు పెంపకపు త్సిపూరలు నాలుగు తీసుకుంటే ఇరవై యూరోలు తగ్గుతాయి. నెత్తళ్ళు రెండు ప్లేట్లు, ఆక్టోపస్, ఫావాతో సరిపెట్టుకుని పెద్ద చేప మానేస్తే సగానికి దగ్గరగా వస్తుంది, రుచిలో లోటేమీ ఉండదు. వేసవిలో చిన్నచేపలే తెలివైన ఎంపిక అని మా అభిప్రాయం. బ్రెడ్డు అక్కర్లేకపోతే తెచ్చినప్పుడే వద్దని చెప్పాలి, ఒక ముక్క తుంచాక కాదు. మెనూ ధరల్లో పన్నులన్నీ కలిసే ఉంటాయి. టిప్పు తప్పనిసరి కాదు, బాగా చూసుకుంటే ఐదు నుంచి పది శాతం నగదుగా బల్ల మీద పెడతారు. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టే బాధ్యత వినియోగదారుడికి లేదని ప్రతి మెనూ మీదా అచ్చేసి ఉంటుంది. చేప ధర తేడాగా కనిపిస్తే గొంతు పెంచనక్కర్లేదు. తూకం కాగితం అడిగితే చాలు, లోపల మీ ఎదురుగా చెప్పిన గ్రాములు గుర్తుంటే మాట అక్కడే తేలుతుంది.

బిల్లు అడిగాక వెంటనే లేవకండి. చాలాచోట్ల హోటల్ తరఫున ఉచితంగా ఏదో ఒకటి వస్తుంది: పుచ్చకాయ ముక్కలో, పెరుగు మీద చెంచాడు పండు మురబ్బానో, ఒక్కోసారి రవ్వ హల్వానో. ఆ హల్వా కొలత గ్రీకు ఇళ్ళల్లో అందరికీ నోటికి వచ్చు: నూనె ఒకటి, రవ్వ రెండు, పంచదార మూడు, నీళ్ళు నాలుగు. నెయ్యి బదులు నూనె, యాలకుల బదులు దాల్చినచెక్క, అచ్చులో పోసి చల్లార్చి బోర్లిస్తారు. చెంచా దిగిన తీరు చూస్తే చాలు, రవ్వకేసరి తిన్న చెయ్యి దాన్ని వెంటనే గుర్తుపడుతుంది.